ఇందులో కొత్తేముంది?

ప్రాజెక్ట్ రివ్యూకి వెళ్ళొచ్చిన ఎవరినైనా అడగండి. రెండో స్లయిడ్ దాటకముందే ప్యానెల్ నుంచి వచ్చే ప్రశ్న ఇదే: "ఇందులో కొత్తేముంది?" ఆ ప్రశ్నకి భయపడి మనలో సగం మంది, చేతిలో ఉన్నదాన్ని సరిగ్గా అర్థం చేసుకోవడం మానేసి, టైటిల్‌కి ఏఐ అనో బ్లాక్‌చెయిన్ అనో ఓ తోక తగిలిస్తాం. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఎప్పటినుంచో పనిచేస్తున్న వస్తువు ఎందుకు పనిచేస్తోందో కనుక్కోవడం, కొత్త వస్తువు తయారు చెయ్యడం కంటే చిన్న పని కాదు. ఒక్కోసారి అదే పెద్ద పని. దీనికి మన బ్రాంచీల్లోనే ఉదాహరణలు బోలెడు దొరుకుతాయి గానీ, నేను ఒక మాత్ర కథ తీసుకుంటాను. ఎందుకంటే ఇందులో పణంగా ఉన్నవి ఇంటర్నల్ మార్కులు కాదు, పసిపిల్లల కిడ్నీలు.

మాత్ర పేరు కోల్చిసిన్. మీ ఇంట్లో గౌట్ అనే కీళ్ళ జబ్బు ఉన్న పెద్దవాళ్ళుంటే ఈ పేరు విని ఉంటారు. మన మందుల షాపులో ఒక మాత్ర కొన్ని రూపాయలే. నేను మాట్లాడబోయేది మాత్రం గౌట్ గురించి కాదు, ఫెమిలియల్ మెడిటరేనియన్ ఫీవర్ గురించి. పొట్టిగా ఎఫ్‌ఎంఎఫ్. మధ్యధరా సముద్రం చుట్టుపక్కల బతికిన జాతుల్లో, అంటే టర్కులు, ఆర్మేనియన్లు, అరబ్బులు, యూదుల్లో తరతరాలుగా వస్తున్న జబ్బు ఇది. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు తప్పు కాపీలు కలిస్తే బిడ్డకి వస్తుంది. టర్కీలో దాదాపు వెయ్యి మందిలో ఒకరికి ఉంటుందని అంచనా. తెలుగునాట చాలా అరుదు. మరి మనకెందుకు అంటారా? జబ్బు మనది కాకపోవచ్చు, దాన్ని అర్థం చేసుకున్న తీరు మాత్రం మనకి పనికొస్తుంది.

జబ్బు ఎలా ఉంటుందంటే, పొద్దున బాగానే ఆడుకున్న పిల్లకి మధ్యాహ్నానికి 103, 104 జ్వరం. కడుపు చెక్కలా బిగుసుకుపోతుంది, చెయ్యి వేస్తే కేకలు. ఒక్కోసారి ఛాతీలో నొప్పి, ఒక్కోసారి ఒక మోకాలో మడమో వాచిపోతుంది. ఆస్పత్రికి తీసుకెళ్తే అపెండిసైటిస్ అనుకుని కోసేస్తారు. తీసి చూస్తే అపెండిక్స్ శుభ్రంగా ఉంటుంది. సగం రోజు నుంచి మూడు రోజుల్లోపు, ఏ మందూ వెయ్యకపోయినా, అంతా తగ్గిపోతుంది. పిల్ల లేచి బడికి వెళ్తుంది. కొన్ని వారాలకి మళ్ళీ అదే. బ్యాక్టీరియా లేదు, వైరస్ లేదు, కల్చర్ రిపోర్టులన్నీ ఖాళీ. బడి ఎగ్గొట్టడానికి వేషాలు వేస్తోందని ఇంట్లోవాళ్ళు అనుకుంటే, వాళ్ళనీ పూర్తిగా తప్పుపట్టలేం.

1945లో షెపర్డ్ సీగల్ అనే అమెరికన్ డాక్టరు ఇలాంటి పదిమందిని వర్ణించి, జబ్బు పేరులో 'బినైన్' అన్న మాట చేర్చాడు. ప్రాణానికి ముప్పు లేనిది అని. పాపం, ఆయనకి కనపడింది జ్వరం ఒక్కటే. ఒంట్లో మంట లేచిన ప్రతిసారీ లివర్ ఒక ప్రోటీన్‌ని విపరీతంగా తయారు చేస్తుంది. ఏళ్ళ తరబడి అలా జరిగితే ఆ ప్రోటీన్ ముక్కలు పోగులు పోగులుగా కిడ్నీలో పేరుకుపోతాయి. దీన్ని అమిలాయిడోసిస్ అంటారు. మందు లేని కాలంలో ఈ పిల్లల్లో చాలామంది జ్వరంతో కాదు, ముప్ఫై నలభై ఏళ్ళు నిండకుండానే కిడ్నీలు పాడై పోయేవాళ్ళు. ఇజ్రాయెల్‌లో హెల్లర్ బృందం 1958లో జబ్బుకి ఇప్పటి పేరు పెట్టింది. 'బినైన్' అన్న మాట అలా జారిపోయింది.

ఇక్కడ చిన్న పిడకల వేట. కోవిడ్ తర్వాత మన ఇళ్ళలో 'ఇమ్యూనిటీ' అన్న మాట ఎలా వాడుతున్నామో చూడండి. ఫోన్ బ్యాటరీలాగా, శాతం ఎంత ఎక్కువుంటే అంత మంచిదన్నట్టు. కషాయం తాగితే పెరుగుతుంది, బిస్కెట్ తింటే పెరుగుతుంది, ఆఖరికి గోడకి వేసే రంగు కూడా పెంచుతుందనేలా ఉన్నారు. ఎఫ్‌ఎంఎఫ్ పిల్లకి ఇమ్యూనిటీ తక్కువై జ్వరం రావడం లేదు. శత్రువు లేకుండానే సైన్యం బయల్దేరిపోతోంది. కంట్రోల్ సిస్టమ్స్ చదివినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు: గెయిన్ పెంచడం సమస్యకి పరిష్కారం కాదు, కొన్నిసార్లు సమస్యే అది.

ఆ సైన్యంలో ముందు వరుసది న్యూట్రోఫిల్ అనే తెల్ల రక్తకణం. మన ఎముకల మూలుగలో రోజుకి సుమారు పదివేల కోట్ల న్యూట్రోఫిల్స్ పుడతాయి. బతికేది కొద్దిసేపే. ఎక్కడైనా గాయమో క్రిమో ఉందని సంకేతం అందగానే రక్తనాళం గోడకి అంటుకుని, సందుల్లోంచి దూరి, ఆ చోటికి పాకుతూ వెళ్తాయి. అక్కడ తమ దగ్గరున్న విషాలన్నీ కక్కి చస్తాయి. ఎఫ్‌ఎంఎఫ్ అటాక్ వచ్చినప్పుడు ఆ పిల్ల పొట్టలో, ఛాతీలో, కీళ్ళలో గుంపులుగా చేరేది ఇవే. క్రిమి లేని చోటికి వచ్చి యుద్ధం చేసి పోతాయి.

ఇప్పుడు మాత్ర దగ్గరికొద్దాం. కోల్చిసిన్ ఏ ల్యాబ్‌లోనూ పుట్టలేదు. కోల్చికమ్ అనే ఒక యూరప్ మొక్క గడ్డలోది. నల్లసముద్రం తూర్పు ఒడ్డున, ఇప్పటి జార్జియాలో ఉన్న పాతకాలపు కోల్కిస్ రాజ్యం పేరే మొక్కకి వచ్చింది. ఆరో శతాబ్దంలోనే ట్రాలెస్ ఊరి అలెగ్జాండర్ అనే వైద్యుడు దీన్ని గౌట్‌కి వాడాడు. మనకీ ఈ మందుతో దగ్గరి బంధుత్వం ఉంది. వానాకాలంలో కంచెల మీద పాకి, మంటల్లాంటి ఎరుపూ పసుపూ పూలు పూసే అడవినాభి తెలుసు కదా, కొందరు అగ్నిశిఖ అంటారు. అందులోనూ ఉన్నది ఇదే కోల్చిసిన్. పక్క రాష్ట్రం తమిళనాడుకి అది రాష్ట్ర పుష్పం. అక్కడి రైతులు పొలాల్లో పందిరి వేసి పెంచి గింజలు అమ్ముతారు, ఆ గింజల్లోంచి కోల్చిసిన్ తీస్తారు. దాని గడ్డని తినే దుంప అనుకుని పొరపాటున వండుకుతిని చనిపోయినవాళ్ళు దక్షిణ భారతంలోనూ శ్రీలంకలోనూ ఉన్నారు. మందుకీ విషానికీ మధ్య ఎడం అంత తక్కువ. కాబట్టి ఇది చదివి ఎవరూ కంచె దగ్గరికి వెళ్ళి ప్రయోగాలు చెయ్యకండి.

1972లో స్టీఫెన్ గోల్డ్‌ఫింగర్ అనే అమెరికన్ డాక్టరు ఒక మెడికల్ జర్నల్‌కి ఉత్తరం రాశాడు. పరిశోధన వ్యాసం కూడా కాదు, ఉత్తరం. ఎఫ్‌ఎంఎఫ్ ఉన్న అయిదుగురికి రోజూ కోల్చిసిన్ ఇస్తే అటాకులు రావడం తగ్గిపోయాయని. అదే ఏడాది టర్కీ వైద్యులు కూడా విడిగా ఇదే సంగతి ప్రకటించారు. 1974 కల్లా మూడు చోట్ల డబుల్ బ్లైండ్ పరీక్షలు జరిగి, మాట నిజమేనని తేలింది. 1986లో ఇజ్రాయెల్ నుంచి ఇంకో పెద్ద లెక్క వచ్చింది. అది నాకు ఈ కథ మొత్తంలో ఇష్టమైన లెక్క. వెయ్యి మందికి పైగా రోగులు, ఏళ్ళ తరబడి గమనింపు. మాత్ర రోజూ వేసుకున్నవాళ్ళలో పదకొండేళ్ళకి కిడ్నీ దెబ్బతినే సూచన కనపడింది 1.7 శాతం మందిలో. వేసుకోమన్నా వేసుకోని 54 మందిలో తొమ్మిదేళ్ళకే 48.9 శాతం. ఒక పాత మొక్క మందు, ఒక తరం పిల్లల్ని డయాలసిస్ దాకా పోకుండా ఆపేసింది.

ఇక్కడే ప్యానెల్‌ని కూర్చోబెట్టి చూడండి. మందు కొత్తదా? కాదు, పదిహేను వందల ఏళ్ళ పాతది. అణువు కొత్తదా? 1820లోనే విడదీశారు. మరి ఎలా పనిచేస్తోంది? అప్పటికి ఎవరికీ తెలీదు. నావెల్టీ సున్నా, థియరీ సున్నా, రిజల్ట్ మాత్రం వందకి వంద. "పనిచేస్తోంది కదా, ముట్టుకోకు" అని మనం కోడ్ గురించి అంటామే, అలా వదిలేయొచ్చు. చాలామంది వదిలేశారు కూడా. వదలనివాళ్ళకి ఏం దొరికిందో చెబుతాను.

ముందు దొరికింది కణం లోపలి అస్థిపంజరం. కోల్చిసిన్ కణంలో దేనికి అంటుకుంటోందో వెతుకుతూ, 1967లో గ్యారీ బోరిసీ, ఎడ్విన్ టేలర్ ఒక ప్రోటీన్ పట్టుకున్నారు. తర్వాత దానికి ట్యూబ్యులిన్ అని పేరొచ్చింది. ఇటుకల్లాంటి ఆ ప్రోటీన్లు వరసగా పేరుకుంటే మైక్రోట్యూబ్యూల్ అనే సన్నటి గొట్టం తయారవుతుంది. కణం ఆకారం నిలబడేదీ, లోపల సరుకు రవాణా జరిగేదీ, కణం విడిపోయేటప్పుడు క్రోమోజోములు రెండు పక్కలకి లాగబడేదీ ఈ గొట్టాల మీదే. అంతకుముందు 1956లో మనిషికి క్రోమోజోములు 48 కాదు, 46 అని సరిగ్గా లెక్కపెట్టినప్పుడు కూడా కణాల్ని మధ్యలో ఆపడానికి వాడింది కోల్చిసిన్‌నే. జీవశాస్త్రంలో ఎన్ని తాళాలు తీసిందో ఈ పాత మాత్ర!

మరి ట్యూబ్యులిన్ అన్ని కణాల్లోనూ ఉంటుంది కదా, పిల్లలకిచ్చే చిన్న డోసు న్యూట్రోఫిల్స్‌నే ఎందుకు పట్టుకుంటుంది? ఇది మంచి ప్రశ్న, జవాబు ఇంకా బాగుంటుంది. చాలా కణాల గోడల్లో, లోపలికొచ్చిన మందుల్ని బయటికి తోసేసే పంపు ఒకటి ఉంటుంది. న్యూట్రోఫిల్స్‌లో ఆ పంపు బాగా తక్కువ. దాంతో కోల్చిసిన్ లోపలికి వెళ్ళి అక్కడే పోగవుతుంది. రక్తంలో ఉన్నదానికి ఎన్నో రెట్లు న్యూట్రోఫిల్ లోపల ఉంటుంది. అలా నిండిన న్యూట్రోఫిల్ గట్టిపడుతుంది, సరిగ్గా పాకలేదు. రక్తనాళం గోడ మీద దాన్ని పట్టుకునే జిగురు అణువుల అమరిక కూడా ఈ మందు వల్ల చెదిరిపోతుంది. చంపడం కాదు, చాలావరకు దారి తప్పించడం అన్నమాట. అందుకే కోల్చిసిన్ వేసుకునే ఎఫ్‌ఎంఎఫ్ పిల్లలు మామూలు పిల్లల్లానే ఎదుగుతారు, క్రిములతో మామూలుగానే పోరాడతారు.

రెండోది 1997లో. అంతర్జాతీయ బృందం ఒకటి, ఫ్రెంచి బృందం ఒకటి, రెండూ పోటీపడి ఒకేసారి జన్యువుని పట్టుకున్నాయి. అది తయారు చేసే ప్రోటీన్‌కి ఒకరు గ్రీకులో నిప్పు అనే అర్థం వచ్చేలా పైరిన్ అని, ఇంకొకరు మధ్యధరా సముద్రానికి రోమన్లు పెట్టుకున్న పేరు మీద మారెనాస్ట్రిన్ అని పెట్టారు. నిప్పు గెలిచింది. ఈ పైరిన్ ఎక్కువగా ఉండేది న్యూట్రోఫిల్స్‌లో, వాటి దగ్గరి చుట్టాలైన మోనోసైట్స్‌లో.

పైరిన్ చేసే పని తెలిసినప్పుడు మన ఈసీఈ వాళ్ళు ఎగిరి గంతెయ్యాలి. 2014లో బీజింగ్‌లో ఫెంగ్ షావ్ బృందం చూపించిందేంటంటే, పైరిన్ బ్యాక్టీరియాని గుర్తుపట్టదు. అది వాచ్‌డాగ్ టైమర్. మైక్రోకంట్రోలర్‌లో మెయిన్ ప్రోగ్రామ్ అప్పుడప్పుడూ 'బతికే ఉన్నా' అని ఒక సిగ్నల్ పంపుతూ ఉండాలి, అది ఆగిపోతే వాచ్‌డాగ్ రీసెట్ కొడుతుంది కదా. కణంలో ఆ సిగ్నల్ ఇచ్చేది రో-ఏ అనే ప్రోటీన్. కొన్ని బ్యాక్టీరియాలు కణంలోకి చొరబడగానే ముందు రో-ఏ గొంతు నొక్కుతాయి. సిగ్నల్ ఆగిందని పైరిన్‌కి తెలుస్తుంది. వెంటనే ఇంటర్‌ల్యూకిన్-1 అనే అణువు బయటికి పోతుంది, అదే జ్వరం, అదే మంట. దొంగ ముఖం గుర్తుపట్టనక్కర్లేదు, కరెంటు తీగ కోస్తే మోగే అలారం ఇది. ఎఫ్‌ఎంఎఫ్ పిల్లల్లో ఆ అలారం స్క్రూ వదులైంది. లారీ పోయినా మోగుతుంది.

ఇంత వదులు స్క్రూ వేల ఏళ్ళుగా ఎందుకు మిగిలింది? 2020లో అమెరికా ఎన్‌ఐహెచ్ బృందం దీనికో జవాబు చెప్పింది. ప్లేగు బ్యాక్టీరియా దగ్గర పైరిన్ నోరు మూయించే ఆయుధం ఉంది. మారిపోయిన పైరిన్ ముందు ఆ ఆయుధం సరిగ్గా పనిచెయ్యదు. ఎలుకల్లో చూస్తే, ఈ మార్పు ఉన్నవి ప్లేగుని ఎక్కువగా తట్టుకున్నాయి. అంటే మధ్యధరా తీరాన ప్లేగు ఊళ్ళకి ఊళ్ళు ఊడ్చేసిన కాలంలో ఒక్క తప్పు కాపీ ఉన్నవాళ్ళు బతికి బట్టకట్టి ఉండొచ్చు. ఆ ముత్తాతలు తప్పించుకున్న చావుకి బాకీ ఇప్పుడు ఈ పిల్లలు తీరుస్తున్నారు.

మూడోది నాకు అన్నిటికంటే ముఖ్యం, ఎందుకంటే అక్కడ ఇంకా గొడవ నడుస్తోంది. 2016లో అదే ఎన్‌ఐహెచ్‌లో డేనియల్ కాస్ట్‌నర్ బృందం, రో-ఏ సిగ్నల్ పైరిన్‌ని ఎలా పట్టి ఉంచుతుందో విప్పి చూపించింది. కోల్చిసిన్ మైక్రోట్యూబ్యూల్స్‌ని విరగ్గొట్టినప్పుడు వాటికి కట్టేసి ఉన్న ఒక ప్రోటీన్ విడుదలై రో-ఏని హుషారు చేస్తుందట, దాంతో పైరిన్ చల్లబడుతుందట. 1972 నాటి ఉత్తరానికి 44 ఏళ్ళ తర్వాత అందిన జవాబు! కథ ఇక్కడ ముగిస్తే ఎంత బావుండేది. అదే ఏడాది చివర్లో బెల్జియం పరిశోధకులు వేరే ఫలితం ప్రకటించారు. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ కణాల్లో కోల్చిసిన్ పైరిన్‌ని ఆపుతోంది నిజమే, కానీ ఎఫ్‌ఎంఎఫ్ రోగుల కణాల్లో ఆపడం లేదు, వాళ్ళ పైరిన్‌కి మైక్రోట్యూబ్యూల్స్ అవసరమే తప్పిపోయింది అని. అదే నిజమైతే పిల్లల్లో మందు చేసే మేలు అలారం దగ్గర కాకుండా, ఇందాక చెప్పిన న్యూట్రోఫిల్ పాకడం దగ్గర జరుగుతూ ఉండాలి. లేదా రెండు చోట్లా కొంత కొంత. అర్ధశతాబ్దంగా పసిపిల్లల నోట్లో రోజూ వేస్తున్న మాత్ర గురించి ఈ వాదన ఇంకా తెగలేదు.

"తెగకపోతే ఏం? పిల్ల బావుంది కదా" అనేవాళ్ళుంటారు. మా హాస్టల్‌లో ఒకడు నాతో అరగంట ఇదే వాదించాడు. వాదన తేలికైంది కాదు. 44 ఏళ్ళపాటు తెలియకుండానే వేలమంది కిడ్నీలు దక్కాయి, ఒప్పుకోవాలి. కానీ మాత్ర సరిపోని పిల్లలు కూడా ఉన్నారు, వందకి అయిదు నుంచి పది మంది. డోసు పెంచుదామంటే విరేచనాలు, ఇంకా పెంచితే విషం. ఎలా పనిచేస్తోందో తెలియని మందు పనిచెయ్యకపోతే, తర్వాత ఏం చెయ్యాలో కూడా తెలియదు. ఆ పిల్లలకి దారి చూపించింది అర్థం చేసుకునే పనే. అలారం చివర ఉన్నది ఇంటర్‌ల్యూకిన్-1 అని తెలిశాక, దాన్ని అడ్డుకునే అనాకిన్రా, కనాకినుమాబ్ వచ్చాయి. తెల్ల కణాల నుంచి జ్వరం పుట్టించే అణువుని శుద్ధి చేసి 1977లో ప్రకటించినవాళ్ళలో ముందు వరుసలో ఉన్న చార్లెస్ డైనరెల్లో, 1974 కోల్చిసిన్ పరీక్షల్లో ఒకదాన్ని నడిపిన మనిషే. ఒక చేత్తో పాత మందు, ఇంకో చేత్తో 'ఎందుకు' అన్న ప్రశ్న.

ఇంకో లాభం కూడా ఉంది. నెదర్లాండ్స్ వైద్యులు 1984లో వర్ణించిన ఇంకో వంశపారంపర్య జ్వరం ఉంది. వేరే జన్యువు, కొలెస్ట్రాల్ తయారీ దారిలోది, పైకి చూస్తే ఎఫ్‌ఎంఎఫ్‌తో ఏ చుట్టరికమూ లేదు. రో-ఏ తీగ బయటపడ్డాక తెలిసిందేంటంటే, ఆ పిల్లల్లో రో-ఏకి తగలాల్సిన కొవ్వు తోక తగలడం లేదు, అందుకే సిగ్నల్ తగ్గి పైరిన్ లేస్తోంది. రెండు జబ్బులు, ఒకే తీగ. 2016లో అమెరికా ఎఫ్‌డీఏ కనాకినుమాబ్‌ని ఈ రెంటికీ, ఇంకో చుట్టం జబ్బుకీ కలిపి ఒకేసారి అనుమతించింది. అయితే ఆ ఇంజెక్షన్ ధర అమెరికాలో డోసుకి పదివేల డాలర్లు దాటుతుంది. ఎందరు పిల్లలకి అందుతుందో మీరే ఊహించుకోండి. కాబట్టి చవక మాత్రని ఇంకా బాగా వాడుకోవడం, ఎవరికి సరిపోదో ముందే కనిపెట్టడం, ఇవి విలాసాలు కావు.

ఇంత పని విలువని మార్కెట్ ఎలా లెక్కకట్టిందో చూస్తే మాత్రం ఒళ్ళు మండుతుంది. అమెరికాలో కోల్చిసిన్ మాత్రలు ఇప్పటి మందుల చట్టాల కంటే ముందు నుంచీ అమ్ముడవుతున్నాయి కాబట్టి వాటికి సరైన అనుమతి కాగితం ఉండేది కాదు. పాత మందులకీ పరీక్షలు చేయించి అనుమతులు తెచ్చుకోండని ఎఫ్‌డీఏ అంది. ఉద్దేశం మంచిదే. యూఆర్‌ఎల్ ఫార్మా అనే కంపెనీ గౌట్ ఉన్న 185 మంది మీద ఒక వారం పరీక్ష చేసింది. ఎఫ్‌ఎంఎఫ్ కోసం అయితే ముందే అచ్చయి ఉన్న పరిశోధనల్ని చూపించింది, అంటే 1970ల నుంచి ఊరూరా రోగులు, వైద్యులు కూడబెట్టిన జ్ఞానాన్ని. 2009లో కోల్‌క్రిస్ పేరుతో అనుమతి వచ్చింది. గౌట్‌కి మూడేళ్ళు, ఎఫ్‌ఎంఎఫ్‌కి ఏడేళ్ళు గుత్తాధిపత్యం. 9 సెంట్ల మాత్ర 4 డాలర్ల 85 సెంట్లయింది. 2010లో మిగతా కంపెనీల మాత్రల్ని ఆపెయ్యమన్నారు. లెక్క వెయ్యండి: రోజుకి రెండు మాత్రలు వేసుకునే పిల్లకి ఏడాదికి 66 డాలర్లయ్యేది 3,540 డాలర్లయింది. 2012లో ఆ కంపెనీని టకేడా 80 కోట్ల డాలర్లకి కొనుక్కుంది.

వాళ్ళు ఏమీ చెయ్యలేదనడం అన్యాయం. గౌట్‌కి తక్కువ డోసు ఎక్కువ డోసంత బాగానే పనిచేస్తుందనీ, తిప్పలు తక్కువనీ ఆ పరీక్ష తేల్చింది. కొన్ని యాంటీబయాటిక్స్‌తో కలిస్తే ప్రాణం మీదికొస్తుందన్న హెచ్చరిక స్పష్టంగా లేబుల్ మీదికి వచ్చింది. ఆ పనికి కూలి ఇవ్వాలి. కానీ ఆ కూలి యాభై రెట్ల ధర రూపంలో, చచ్చేదాకా రోజూ మాత్ర వేసుకోవాల్సిన పిల్లల నుంచి వసూలు చెయ్యడం ఏం లెక్క? ట్యూబ్యులిన్ వెతికినవాళ్ళకి, జన్యువు పట్టినవాళ్ళకి, చెయ్యి చాచి రక్తమిచ్చిన పిల్లలకి ఇందులో పైసా వాటా లేదు. వాటా అడగమని కాదు నేననేది. 'ఎందుకు' అని అడిగే పనికి ప్రభుత్వాలు ముందే డబ్బు పెడితే, 'కొత్తది' అన్న ముద్ర కొట్టి పాతదాన్ని అమ్ముకునే అవకాశం ఎవరికీ మిగలదు. ఈ కథలోని అసలు మెట్లు చాలావరకు ఎక్కించింది ఎన్‌ఐహెచ్ లాంటి ప్రజల డబ్బుతో నడిచే ల్యాబులే.

మనలాంటివాళ్ళం ఇందులో చెయ్యగలిగింది ఏముందని అడిగితే, చాలా ఉంది. న్యూట్రోఫిల్ ఎంత వేగంగా పాకుతోందో, ఎక్కడ దారి తప్పుతోందో కొలవడానికి ఇప్పుడు మైక్రోఫ్లూయిడిక్ చిప్స్ వాడుతున్నారు. వెంట్రుక కంటే సన్నటి కాలువలున్న సిలికోన్ ముక్క, పక్కన ఒక మైక్రోస్కోప్, ఇమేజ్ ప్రాసెసింగ్ కోడ్. రక్తం ఒక్క చుక్క చాలు. పసిపిల్లల విషయంలో ఈ ఒక్క చుక్క అన్నది ఎంత పెద్ద సంగతో, బిడ్డకి సూది గుచ్చేటప్పుడు పక్కన నిలబడ్డ ఏ తల్లినడిగినా చెబుతుంది. మెకానికల్ వాళ్ళకి ఆ కాలువల్లో ప్రవాహం, ఈసీఈ వాళ్ళకి సెన్సర్లు, సీఎస్ఈ వాళ్ళకి ఒక్కో కణాన్నీ వెంటాడే ట్రాకింగ్. బెల్జియం వాళ్ళు చెప్పింది నిజమా, ఎన్‌ఐహెచ్ వాళ్ళు చెప్పింది నిజమా అన్నది తేల్చడానికి చూడాల్సిన చోట్లలో ఇదొకటి: మాత్ర వేసుకున్న పిల్ల న్యూట్రోఫిల్ ఆ కాలువలో ఎలా నడుస్తుంది, మాత్ర సరిపోని పిల్లది ఎలా నడుస్తుంది. కొత్త మందు అక్కర్లేదు, కొత్త అణువు అక్కర్లేదు. రక్తం తీసుకోవడానికి ఎథిక్స్ కమిటీ అనుమతి, పక్కన ఒక మెడికల్ కాలేజీ, అబ్‌స్ట్రాక్ట్ మొదటి పేజీలోనే 'మందు పాతదే' అని రాసినా సంతకం పెట్టే గైడ్ కావాలి. మొదటి రెండూ కష్టపడితే దొరుకుతాయి. మూడోది మన క్యాంపస్‌లో ఎవరో మీకు తెలిస్తే నాకూ చెప్పండి.